సగం కత్తిరించిన గొర్రె

దొడ్డిలోకి కుక్కలు దూకడానికి రెండు గంటల ముందు మీనా తన కూతురి చెంప పగలగొట్టింది. పందొమ్మిదేళ్ల పిల్లని, ఆరుగురు పరాయివాళ్ల ఎదుట, ఉన్ని గుట్టలు పోసిన బల్ల పక్కన కొట్టింది. అమెరికాలో అలా కొడితే ఏమవుతుందో తెలియని మనిషి కాదు. ఇరవై ఆరేళ్లుగా ఈ దేశంలో ఉంటోంది, నేపర్‌విల్‌లో ఒక ఆసుపత్రి ఫార్మసీలో పదిమంది మీద పెత్తనం చేస్తోంది, ఎవరి మీదా గొంతు పెంచిందన్న పేరు లేదు. అయినా చెయ్యి లేచింది. లేచిన చెయ్యి దారిలో ఆగలేదు.

ఆ పిల్ల పేరు సంహిత. ఆల్బుకర్కీలో కాలేజీ రెండో ఏడు చదువుతోంది. ఆ తర్వాత ఫార్మసీ అని ఆమె ఉయ్యాల్లో ఉండగానే ఇంట్లో తేలిపోయింది. మార్చి సెలవుల్లో ఇంటికి రాకుండా, నవాహోలనే అక్కడి ఆదివాసుల ఊళ్లో ఎక్కడో ఉన్ని సిద్ధం చేయడం నేర్పుతున్నారని వెళ్లింది. పిల్ల సరదా కదా, పోనిమ్మన్నారు. ఆ సరదా కాస్తా ఏకు మేకై కూర్చుంది. మే నెలలో ఫోన్ చేసి, ఒక ఏడాది చదువు ఆపేస్తానని, ఐరీన్ నకాయ్ అనే పెద్దావిడ దగ్గరుండి గొర్రెల్ని చూసుకుంటూ నేత నేర్చుకుంటానని చెప్పింది. తండ్రి శ్రీధర్ ఆ మాట విని, అది నీ మాటైతేనే వింటుంది అని భార్య మీదకి తోసేసి లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. శాంతస్వభావుడని పేరు తెచ్చుకోవడానికి అంతకంటే సులువైన దారి లేదు.

మీనా ఫ్లైట్ బుక్ చేసుకుంది, కార్ అద్దెకి తీసుకుంది, గ్యాలప్ అనే ఊరు దాటి ఎర్రమట్టి రోడ్డు మీద గంటన్నర డ్రైవ్ చేసింది. వచ్చిన పని ఒక్కటే. పిల్లని కార్‌లో కూలేసి వెనక్కి తీసుకుపోవాలి.

ఐరీన్ క్లాస్ పెట్టింది ఊరందరూ మీటింగులు పెట్టుకునే రేకుల హాల్లో. తలుపు తీయగానే కూతురి కంటే ముందు వాసన ఎదురొచ్చింది. జిడ్డు, దుమ్ము, పేడ, ఎండకి కాగిన గొర్రె చెమట. మిగతా వాళ్లకి ఆ వాసన కొత్త. ఆమెకి కాదు. మీనా సిద్దిపేట అవతల ఒక ఊరి కురుమల పిల్ల. తండ్రికి డెబ్బై గొర్రెలుండేవి. తల్లి ఉన్ని వడికేది, మేనమామ గొంగళ్లు నేసేవాడు. ఆరో తరగతిలో హాస్టల్లో చేరిన మొదటిరోజు రాత్రి పక్క మంచం పిల్ల ముక్కు మూసుకుని, ఇక్కడ గొర్రె పడుకుందే అని కేకపెట్టింది. గదంతా నవ్వింది. ఆ నవ్వు నుంచి మీనా ఎంత దూరం పరిగెత్తిందంటే, నేపర్‌విల్ దాకా ఆగలేదు. యాస మార్చుకుంది, సబ్బులు మార్చుకుంది, ఎవరైనా అడిగితే మాది వ్యవసాయ కుటుంబం అని చెప్పడం అలవాటు చేసుకుంది. శ్రీధర్‌కి పెళ్లికి ముందు ఒకసారి చెప్పి ఆ తలుపు మూసేసింది. కూతురికి అసలు చెప్పలేదు.

ఆ కూతురు ఇప్పుడు మోచేతుల దాకా జిడ్డుతో, జుట్టులో ఉన్ని పోగులతో, ముఖం వెలిగిపోతూ నిలబడి ఉంది. పక్కన ఐరీన్ కడగని పచ్చి ఉన్నిని దుప్పటిలా పరిచి, అంచుల్లో పేడ అంటుకున్న ముక్కల్ని పీకి పారేయడం చూపిస్తోంది. డెబ్బై ఏళ్లుంటాయి ఆవిడకి, పొట్టి మనిషి, అనవసరంగా నవ్వదు. ఇంకో మూల బక్కెట్లో యుక్కా అనే ఎడారి మొక్క వేరుని దంచి కలిపారు, కుంకుడుకాయ నురగలాంటి నురగ తేలుతోంది. ఎవరినీ ఊరికే నిలబెట్టి ఉంచడం ఐరీన్‌కి ఇష్టం లేనట్టుంది. మీనా ఎవరో ఏమిటో అడగకుండానే ఆమె చేతిలో ముళ్ల దువ్వెనలు రెండు పెట్టింది, ఉన్నిని ఏకడానికి.

మీనా ఆ రెండిటినీ ఒక చేత్తో పట్టుకుని నిలబడి, తెలుగులో, గొంతు తగ్గించి కూతురిని ఏకిపారేసింది. చదువు ఏమైంది, అప్లికేషన్ ఏమైంది, ఇదంతా వద్దు, బ్యాగ్ తీసుకుని నడు. సంహిత మొదట ఓపిగ్గానే సమాధానం చెప్పింది. తర్వాత విసిగింది.

“అమ్మా, నీ నోట్లో ఫస్ట్ వచ్చే వర్డ్ వద్దు. ఆల్వేస్ వద్దు,” అంది.

అది నిజమే. ఆ పిల్లకి మాటలొచ్చే వయసులో అమ్మ, నాన్న కంటే ముందు వద్దు అనే మాట వచ్చిందని శ్రీధర్ పదిమందిలో చెప్పి నవ్వించేవాడు. మెట్లెక్కొద్దు, మట్టి ముట్టొద్దు, డ్రామా క్లాస్ వద్దు, స్లీప్‌ఓవర్ వద్దు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం మీనా. తన వద్దుల వల్లే పిల్ల ఇంతదైందని ఆమె గట్టి నమ్మకం.

సంహిత అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. గుప్పెడు ఉన్ని తీసి తల్లి ముఖం ముందు పట్టుకుని అంది.

“గొర్రెలంటే నీకేం తెలుసు? నువ్వు లైఫ్‌లో ఒక్కసారైనా ముట్టుకున్నావా?”

అప్పుడు పడింది దెబ్బ. లేచింది ఖాళీ చెయ్యి కాబట్టి సరిపోయింది. దువ్వెనలున్న చెయ్యి లేచి ఉంటే చెంప చీరుకుపోయేది.

ఒకావిడ పోలీసులకి చెయ్యాలని ఫోన్ తీసింది. ఐరీన్ ఆవిడకి వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టి, మీనా దగ్గరికి వచ్చి దువ్వెనలు రెండూ వెనక్కి తీసుకుంది. కోపం ఉన్న చేత్తో ఉన్ని ముట్టుకోకూడదని, ఆ కోపం దారంలోకి పోతుందని, ఇది తన అమ్మమ్మ పెట్టిన నియమమని మెల్లగా చెప్పింది. బయట గొర్రెల దగ్గర కూర్చో, కోపం పోయాక లోపలికి రా అంది. మీనాకి బడిలో బెంచీ ఎక్కించినంత అవమానమైంది. కానీ కాళ్లు బయటికే నడిచాయి.

హాలు వెనక ఇనప చట్రాలు నాలుగువైపులా నిలబెట్టి తాళ్లతో కట్టారు. క్లాస్ కోసం ఆ రోజుకి వేసిన దొడ్డి. అందులో ఐరీన్ ట్రైలర్‌లో తెచ్చిన తొమ్మిది గొర్రెలున్నాయి. పొడుగు వెంట్రుకల చుర్రో జాతి, సన్నని కాళ్లు. మీనా తలకిందులు చేసిన బక్కెట్టు మీద కూర్చుంది. వాటివైపు చూడకూడదనుకుని, చూసింది. ఒకటి కుంటుతోంది, గిట్ట పెరిగింది, చెక్కాలి. ఇంకొకటి చూలుది. ఇవన్నీ ఎవరూ చెప్పకుండానే ఆమెకి తెలిసిపోతుంటే ఒళ్లు మండింది.

రెండు గంటలు అలాగే కూర్చుంది. తర్వాత క్లాస్ మొత్తం గొర్రె కత్తిరింపు చూడటానికి బయటికి వచ్చింది. సంహిత చెంప మీద వేళ్లు ఎర్రగా తేలి ఉన్నాయి. తల్లివైపు చూడలేదు. ఐరీన్ ఒక తెల్లగొర్రెని పక్కకి పడేసి కాళ్లు కట్టింది. మెడ తాడు సంహితకిచ్చి పట్టుకోమంది. ఆ పిల్ల తాడుని మణికట్టుకి ఒక చుట్టు చుట్టుకుంది. అది చూడగానే మీనా నోటిదాకా మాట వచ్చింది. తాడు చేతికి చుట్టుకోవద్దు అని చెప్పాలి. కురుమల ఇంట్లో నాలుగేళ్ల పిల్లకైనా తెలిసిన విషయం. కానీ ఇంకో వద్దు వినే స్థితిలో పిల్ల లేదు, చెప్పే మొహమూ తనకి లేదు. నోరు మూసుకుంది. జీవితంలో అనాల్సిన ఒక్క వద్దునీ ఆమె మింగేసింది.

కత్తెర ఆడుతోంది. ఉన్ని ఒకవైపు నుంచి దుప్పటి జారినట్టు ఊడి వస్తోంది. సగం అయింది. అప్పుడు దొడ్డిలో మిగిలిన ఎనిమిది గొర్రెలూ నమలడం ఆపేసి ఒకేవైపు తలలు తిప్పాయి.

మీనా లేచి నిలబడింది.

ఎండిన వాగులోంచి ఐదు కుక్కలు వస్తున్నాయి. ఎవరివీ కావు, డొక్కలు లెక్కపెట్టేలా ఉన్నాయి. మొరిగే కుక్క కరవదంటారు. ఇవి మొరగలేదు. తలలు దించుకుని విడివిడిగా వచ్చి, దగ్గరికి రాగానే ఒక్కటైపోయాయి. ముందున్నది చట్రం మీంచి దూకింది. గొర్రెలన్నీ బెదిరి ఒక మూలకి పడితే ఆ చట్రం కూలిపోయింది, మిగతా నాలుగూ అటునుంచి చొరబడ్డాయి.

మొదటి గొర్రె నిలబడి ఉండగానే దాని పొట్ట చీలింది. పేగులు కాళ్లకి చుట్టుకుని నాలుగడుగులు వేసి పడింది. ఒక గొర్రెపిల్లని రెండు కుక్కలు చెరోవైపు లాగితే మెడ దగ్గర తెగింది. క్లాస్‌కి వచ్చినవాళ్లు హాల్లోకి పరిగెత్తారు. తప్పు పట్టడానికి లేదు, వాళ్లు ఉన్ని ఏకడం నేర్చుకుందామని వచ్చారు. ఐరీన్ పారకోసం పరిగెత్తింది. మధ్యలో సంహిత ఒక్కతే మిగిలింది, కాళ్లు కట్టేసిన, సగం కత్తిరించిన గొర్రెతో. అన్నిటికంటే పెద్దది, పసుపుపచ్చ కుక్క, తిన్నగా వచ్చి ఆ గొర్రె గొంతు పట్టుకుంది.

మీనాకి పదకొండేళ్లప్పుడు వాళ్ల మందలో కుక్కలు పడ్డాయి. ఆ తెల్లవారి తండ్రి ఇరవై రెండు కళేబరాల్ని వరసగా పెట్టి, ఏడుస్తున్న ఆమెకి ఒకటే చెప్పాడు. కుక్క నోట పడ్డ గొర్రెని వదిలెయ్యాలి, పట్టుకున్నోని చెయ్యి కూడా దానికి గొర్రె కాలు లెక్కనే. ఆ మాట మీనా మరిచిపోలేదు.

“వదులు!” అని అరిచింది. “సంహితా, వదులు! వదులు!”

సంహిత తలెత్తి తల్లివైపు చూసింది. విన్నది. అర్థమైనట్టు తల కూడా ఊపింది. మణికట్టు ఒక్కసారి తిప్పితే జారిపోయే చుట్టే అది. ఆ పిల్ల తిప్పలేదు. రెండో చెయ్యి కూడా తాడు మీద వేసి, మడమలు నేలకి తన్ని, గొర్రెని తనవైపు లాగింది.

కుక్క గొర్రె గొంతు వదిలి ఆ చెయ్యి పట్టుకుంది.

అరుపు మీనా వినలేదు. ఎముక చప్పుడు విన్నది. అప్పటికే పరిగెడుతోంది. నేల మీద పడి ఉన్న గొర్రె కత్తెర ఎప్పుడు చేతిలోకి వచ్చిందో తెలియదు. కుక్క వీపు మీద మోకాలు వేసి చెవి కింద పొడిచింది. అది వదల్లేదు. తల అటూ ఇటూ విదిలిస్తోంది, విదిలించినప్పుడల్లా పిల్ల చెయ్యి గుడ్డపీలికలా ఊగుతోంది. మళ్లీ పొడిచింది, ఈసారి దవడ కింద, పిడి దాకా దించి తిప్పింది. వేడినెత్తురు మోచేతి దాకా చిమ్మింది. ఆమె నోట్లోంచి ముప్పై ఏళ్లుగా రాని బూతులు, వాళ్ల నాయనమ్మ తిట్లు, వరసగా వచ్చాయి. నాలుగో పోటుకి కుక్క కాళ్లు వాలాయి. చచ్చినా పళ్లు తెరుచుకోలేదు. కత్తెర మొన దవడల మధ్య దూర్చి, మెలితిప్పి, విరగ్గొట్టి చెయ్యి బయటికి తీసింది. తీశాక కూడా పొడుస్తూనే ఉంది. ఐరీన్ వచ్చి వెనక నుంచి గట్టిగా పట్టుకుంటే గాని ఆగలేదు.

ఐరీన్ పారకి ఇంకో కుక్క నడుము విరిగింది. మిగిలిన మూడూ తెగిన గొర్రెపిల్లని ఈడ్చుకుంటూ వాగులోకి దిగిపోయాయి.

క్లాస్‌లో ఒక రిటైరైన నర్సు ఉంది. ఆవిడే హాల్లోంచి ముందు బయటికి వచ్చి, నీళ్లు పోసి కడిగి, తువ్వాలుతో సంహిత చెయ్యి చుట్టి పైకెత్తి పట్టుకుంది. పొట్ట చీలిన గొర్రె ఇంకా చావలేదు. కాళ్లు ఆడిస్తోంది. ఐరీన్ కత్తి తీసింది గాని దాని మెడ మీద పెట్టలేకపోయింది. మీనా అడగకుండా ఆ కత్తి తీసుకుంది. గొర్రె తలని మోకాలి మీద పెట్టుకుని, చెవి నిమిరి, ఒక్క కోతతో పని ముగించింది. సంహిత నొప్పితో పళ్లు బిగించి ఉండి కూడా అది చూసింది. తెల్లగొర్రె మాత్రం బతికింది. గొంతు మీద నాలుగు పళ్ల గాట్లు, అంతే. సగం ఉన్ని నేలని ఈడుస్తూ నిలబడి ఒగర్చుతోంది.

ఆసుపత్రి యాభై మైళ్లు. ఐరీన్ తన పికప్‌ని మట్టిరోడ్డు మీద ఎలా తోలిందో దేవుడికే తెలియాలి. రేబీస్ పరీక్ష కోసం కుక్క శవాన్ని సంచిలో వేసి వెనక పడేశారు. మీనా వెనక సీట్లో కూతురి తల ఒళ్లో పెట్టుకుని, చెయ్యి ఎత్తి పట్టుకుని కూర్చుంది. పిల్ల కళ్లు మూసుకుని వణుకుతోంది. చాలాసేపటికి ఐరీన్ అద్దంలోంచి చూస్తూ, ఆ కత్తి పట్టడం నీకెవరు నేర్పారని అడిగింది. మా నాన్న, అంది మీనా. మొదలుపెట్టాక ఆగలేకపోయింది. మంద, గొంగళ్లు, తల్లి వడికిన నల్ల ఉన్ని, గొంగళ్లకి పెట్టే చింతగింజల గంజి, హాస్టల్ నవ్వు, అన్నీ ఇంగ్లిష్‌లో, నెత్తురు చేతులతో చెప్పేసింది. ఐరీన్ అంతా విని, ఆ తెల్లగొర్రె మా అమ్మ గొర్రెల వంశంలో ఆఖరిది, నీ కూతురి వల్లే మిగిలింది అని మాత్రం చెప్పింది.

ఆ మాట మీనాకి సంతోషం కలిగించలేదు. లోపల ఒకటే కాగుతోంది. వదలమంటే ఎందుకు వదల్లేదు ఇది? విని, తల ఊపి, ఎందుకు పట్టుకుంది? అంత పంతమా నా మీద?

ఆసుపత్రిలో చూసినాయన దాచకుండా చెప్పాడు. కుడిచేతి చిటికెన వేలు పోయినట్టే. ఉంగరపు వేలి టెండన్లు తెగాయి, కుడితే వేలు నిలవొచ్చు, ముడవడం మాత్రం కష్టం. రేబీస్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఆపరేషన్‌కి తీసుకెళ్లే ముందు ఐదు నిమిషాలు తల్లిని లోపలికి పంపారు.

సంహిత మందు మత్తులో ఉంది. చెంప మీద మచ్చ ఇంకా పోలేదు. తల్లిని చూసి నవ్వింది.

“కార్‌లో అంతా విన్నానమ్మా. నువ్వు గొర్రెలవాళ్ల అమ్మాయివి. నాకెందుకు చెప్పలేదు?”

మీనా మనసులో దారంతా కాగుతున్న ప్రశ్న ఒక్కటే ఉంది, అదే అడిగింది. ఎందుకు వదల్లేదే అంది.

సంహితకి ఆ ప్రశ్నే వింతగా తోచింది.

“నువ్వే అన్నావు కదా. వద్దు, వద్దు అని. డోంట్ లెట్ గో అని. అందుకే పట్టుకున్నా.” కాస్త ఆగి, మళ్లీ నవ్వింది. “లైఫ్‌లో ఫస్ట్ టైమ్ నీ వద్దు నాకు నచ్చింది. నువ్వు నా సైడ్ ఉన్నావనిపించింది.”

మీనా ఆ రెండు మాటల్నీ మనసులో పక్కపక్కన పెట్టుకుంది. వదులు. వద్దు. గొర్రెల అరుపుల్లో, అంత దూరంనుంచి, ఆ పిల్ల చెవులకి వినిపించింది పుట్టినప్పటినుంచీ అలవాటైన మాటే. తన ఊరి మాటలో ఇడ్సిపెట్టు అని అరిచి ఉంటే ఎవరూ దాన్ని వద్దు అని పొరబడరు. కానీ ఆ మాట ఈ పిల్లకి తెలియదు. తెలియకుండా పెంచింది తనే. వేలు తిన్నది కుక్క ఒక్కటే కాదు.

నిజం నాలుక చివర ఉంది. నేను వదులు అన్నానే పిచ్చిదానా అంటే చాలు. పిల్ల ముఖంలో ఆ నవ్వు ఆరిపోతుంది, తన తెలుగు తక్కువై తన చెయ్యి పోయిందని ఈ జన్మంతా అనుకుంటుంది. ఏడ్చి, అలిసిపోయి, నేపర్‌విల్ విమానం కూడా ఎక్కుతుంది. వచ్చిన పని నెరవేరుతుంది. అవునంటే ఇక ఈ పిల్ల ఇక్కడినుంచి కదలదు, మూడు వేళ్లతో కదురు తిప్పడం నేర్చుకుంటానంటుంది. మీనాకి రెండూ స్పష్టంగా కనిపించాయి.

నర్సు వచ్చి టైమ్ అయిందని చెప్పింది. సంహిత ఇంకా తల్లి ముఖమే చూస్తోంది.

“అన్నావు కదా అమ్మా?”

మీనా వంగి ఆ చెంప మీద చెయ్యి వేసింది.

“అవు బిడ్డా,” అంది. “వద్దనే అన్న.”

సంహిత తృప్తిగా కళ్లు మూసుకుంది. నర్సు స్ట్రెచర్‌ని తోసుకుంటూ లోపలికి తీసుకెళ్లింది.